చెరువు కట్టలే సైకిలు బాటలు: నేలకొండపల్లి నుండి కిన్నెరసాని వరకు

(ప్రత్యేక వ్యాసం)

ఖమ్మం జిల్లా కేంద్రానికి సుమారు 22 కిలోమీటర్ల దూరంలో గల నేలకొండపల్లి రెండు కారణాల వలన ప్రజలకు సుపరిచితం. భక్త రామదాసుగా ప్రసిద్ధుడైన కంచెర్ల గోపన్న 17వ శతాబ్దంలో జన్మించిన ఊరు ఇది. ప్రాచీన బౌద్ధ స్థూపం వెలుగు చూసిన తావు కూడా ఇదే. ఈ రెంటినీ దర్శించవచ్చే వారిలో అత్యధికులు మోటారు వాహనాలలో రహదారి వెంట వచ్చి, రహదారి వెంటనే మరలిపోతారు. స్థూపానికి చేరువలో గల బాలసముద్రం చెరువు, ఆయకట్టు పొలాల నడుమ సాగే బండ్ల బాటలు, ఆవల పాలేరు జలాశయం, నాగార్జునసాగర్ ఎడమ కాలువ కట్టలు వారి కంట పడవు. సైకిలుపై వచ్చే యాత్రికునికి మాత్రం ఈ ప్రాంతం అసలు స్వరూపం అక్కడే ఆరంభమవుతుంది.

వాహనాల రద్దీ లేని దారిలో, చెరువులు, తడి నేలలు, అడవుల మీదుగా, రోజుకు కొంత దూరం చొప్పున సాగించే సైకిలు పర్యటన ఐరోపా దేశాలలో ఎంతో ప్రాచుర్యం పొందింది. మన ప్రాంతంలో సైకిలు వినోద సాధనం కాకముందే జీవనాధారమయింది. పాలు, కూరగాయలు మోసినది, బడిపిల్లలను, వ్యవసాయ కూలీలను చేరవేసినది అదే. అయితే రహదారులు వెడల్పై, వాహనాల వేగం పెరిగిన కొద్దీ సైకిలు అంచుకు, అటుపిమ్మట అంచు దిగువకు నెట్టబడినది. చెరకు బండ్లు, ఇసుక లారీలు తిరిగే దారిపై బాలికను సైకిలు మీద బడికి పంపడానికి తల్లిదండ్రులు జంకడంలో ఆశ్చర్యం లేదు. కావున రద్దీ లేని బాట అన్నది పర్యాటకులకే పరిమితమైన విషయం కాదు.

అటువంటి బాటను కొత్తగా నిర్మించడం వ్యయప్రయాసలతో కూడిన పని. హైదరాబాదులో బాహ్యవలయ రహదారి వెంబడి సౌర ఫలకాల కప్పుతో 23 కిలోమీటర్ల సైకిలు మార్గం 2023 అక్టోబరు 1న ప్రారంభమయింది. మహానగరానికి అది తగినదే. గ్రామీణ ఖమ్మానికి దానిని నకలు చేయనవసరం లేదు. ఇక్కడి బాటలు ఇదివరకే ఉన్నవి. నీటి కోసం వేసిన కట్టలే ఆ బాటలు.

ఇవి ముఖ్యంగా మూడు రకాలు. మొదటిది చెరువు కట్ట. 2015 మార్చి 12న ఆరంభమైన మిషన్ కాకతీయ కింద రాష్ట్రంలో వేలాది చెరువుల పూడిక తీసి, కట్టలను బలపరచడంతో పలుచోట్ల కట్టపై నడక సుగమమయింది. రెండవది కాలువ వెంబడి తనిఖీ బాట. నాగార్జునసాగర్ కాలువలకు 1967 ఆగస్టు 4న నీరు విడుదలయింది. లాల్ బహదూర్ కాలువగా పిలువబడే ఎడమ కాలువ నల్లగొండ ప్రాంతం దాటి పాలేరు జలాశయంలో ప్రవేశించి, తిరిగి బయలుదేరి ముందుకు సాగుతుంది. కాలువ పర్యవేక్షణకు లష్కర్లు, ఇంజనీర్లు తిరిగేందుకు కట్టపై వదిలిన బాట దాదాపు సమతలంగా ఉంటుంది. నీరు తన బరువుతోనే పారవలెనంటే కాలువ అతి స్వల్ప వాలుతో సాగవలసి ఉన్నందున, దాని వెంట నడిచే బాటకు కూడా ఎత్తుపల్లాలు ఉండవు. సైకిలు తొక్కేవారికి ఇంతకన్న అనుకూలమైన ఏర్పాటు మరొకటి లేదు. మూడవది రెవెన్యూ నక్షాలో చూపబడిన బండ్ల బాట. ఇది కాగితంపై చెక్కుచెదరకుండా ఉండి, నేలపై మాత్రం ఇరుపక్కల నుండి దున్నుకొనగా సన్నగిల్లిన సందర్భాలు తక్కువేమీ కావు. వీటి హద్దులు తేల్చనిదే ఏ సైకిలు పథకమూ పటం దాటి రాదు.

బెల్జియం దేశంలోని లింబర్గ్ రాష్ట్రం అనుభవం ఈ సందర్భంగా పరిశీలించదగినది. వేయికి పైగా చెరువులు గల అచ్చటి ప్రాంతంలో, బోక్రిక్ వద్ద 2016లో ఒక చెరువు నడుమ 212 మీటర్ల మేర సైకిలు దారి నిర్మించారు. ఇరువైపులా నీరు సైకిలిస్టు కంటి ఎత్తున ఉంటుంది. ఛాయాచిత్రాలలో ప్రపంచాన్ని ఆకర్షించినది ఆ దారే అయినా, అంతకు 21 ఏళ్లు ముందు, 1995లో, అదే రాష్ట్రం చేపట్టిన మరొక పని మనకు ఎక్కువ ఉపయోగకరం. హ్యూగో బోలెన్ అనే గని ఇంజనీరు, భూగర్భంలోని బొగ్గు గనుల సొరంగ మార్గాల కూడళ్లకు సంఖ్యలు వేసే పద్ధతిని నేలపైకి తెచ్చి, ఉన్న పల్లె బాటలు కలిసే ప్రతి చోటా ఒక సంఖ్య ఫలకం నాటించే ఆలోచన చేశారు. యాత్రికుడు తాను వెళ్లదలచిన సంఖ్యలను వరుసగా రాసుకొంటే చాలును. గని కార్మికుల ఆలోచన నుండి పుట్టిన ఈ పద్ధతిని, 1871లో ఇల్లెందు వద్ద బొగ్గు కనుగొనబడి, సింగరేణి సంస్థకు నిలయమైన ప్రాంతం వారు అర్థం చేసుకోవడం కష్టం కాదు. నాలుగు బాటలు కలిసే చోట ఒక రాయి, దానిపై ఒక అంకె. ఇందుకు పెద్ద వ్యయం అవసరం లేదు.

అయితే చెరువు కట్టకు, లింబర్గ్ పల్లె దారికి గల భేదాన్ని మరువరాదు. కట్ట మొదట నీటిని ఆపేందుకు ఉన్నది. 2024 సెప్టెంబరు ఆరంభంలో కురిసిన అతి భారీ వర్షాలకు మున్నేరు పొంగి ఖమ్మం నగరంలోని పల్లపు కాలనీలను ముంచివేయగా, సాగర్ ఎడమ కాలువకు గండ్లు పడి ఆయకట్టు రైతులు తీవ్రంగా నష్టపోయారు. ఆ తరువాత కట్టల విషయంలో ఏ అధికారీ తేలికగా మాట్లాడజాలడు.

మట్టి కట్టకు బరువైన వాహనాలు చేటు తెచ్చే తీరు నెమ్మదైనది. ట్రాక్టరు చక్రాలు గాడి చేస్తాయి. గాడిలో వాన నీరు నిలుస్తుంది. నిలిచిన నీరు కట్టలోకి ఇంకి, మరుసటి ట్రాక్టరుకు గాడి మరింత లోతవుతుంది. కట్ట పైభాగం ఒకచోట కుంగిందంటే వరద పొర్లి పారేది అక్కడి నుండే. దమ్ము చేసే ఇనుప చక్రాలను విప్పకుండా బాటకెక్కించే ట్రాక్టర్లు తారు రోడ్డునే చీల్చగలవు, మట్టి కట్ట వాటికి ఒక లెక్క కాదు. మనిషితో కలిపినా వంద కిలోల లోపు బరువుండే సైకిలు ఇటువంటి హాని చేయదు. పైగా నిత్యం మనుషులు తిరిగే కట్టపై ఊట పడిన చోటు, ఎలుక బొరియ, పెరిగిన ముళ్లకంప తొందరగా కంటబడతాయి. నీరటి ఒక్కడే రోజుకొకమారు చూడగలిగిన దానిని పదిమంది చూస్తారు.

దారి మూసి గొళ్లెం పెట్టడం పరిష్కారం కాదు. కోత కాలంలో ధాన్యం తరలించేందుకు రైతుకు అదే బాట కావలెను. సైకిలు దూరి, కారు దూరని విధంగా రాళ్లు పాతి, నడుమ తీయదగిన అడ్డుకడ్డీ అమర్చి, తాళం చెవిని గ్రామంలోనే ఉంచడం ఆచరణ సాధ్యమైన పద్ధతి. వడ్లు ఆరబోసిన చోట సైకిలిస్టే దిగి నడవవలెను. కట్టపై ప్రథమ హక్కు ఆయకట్టు రైతుదని మొదటే స్పష్టం చేస్తే అనవసర తగాదాలు ఉండవు.

కట్ట బాటలు తెగిపోయేది అలుగు వద్ద. చెరువు నిండి అలుగు పారే రోజులలో దానిని దాటే ప్రయత్నం ప్రాణాంతకం. లోతు మోకాలి లోపే అయినా ప్రవాహ వేగం సైకిలును లాగివేస్తుంది, నాచు పట్టిన రాతిపై చక్రం నిలువదు. అలుగు దిగువన చిన్న కాలిబాట వంతెన లేనిచోట, ఊరి మీదుగా చుట్టు దారిని సూచించడమే క్షేమం. ఇక పంక్చర్ల విషయానికి వస్తే, కట్టలపై విస్తరించిన సర్కారు తుమ్మకు పేరులో సర్కారు ఉన్నదే గాని సర్కారు మాట వినదు. దానిని ఏటా తొలగించవలసినదే.

నేలకొండపల్లి నుండి ఈశాన్యంగా సాగితే, వైరా జలాశయం దాటిన తరువాత నేల తీరు మారి అడవులు ఆరంభమవుతాయి. రామదాసు జీవితం కూడా ఇదే దిశగా సాగడం విశేషం. నేలకొండపల్లిలో పుట్టి, తానీషా ఏలుబడిలో పాల్వంచ తహసీల్దారుగా పనిచేసి, భద్రాచలంలో ఆలయం కట్టించి, అందుకు వెచ్చించిన ప్రభుత్వ సొమ్ము విషయమై గోల్కొండ చెరలో గడిపినాడు. పాలేరు నీటిని ఎత్తిపోసే పథకానికి 2017 జనవరిలో ప్రారంభోత్సవం జరిగినపుడు ఆయన పేరే పెట్టడం జరిగింది. నేలకొండపల్లి, పాల్వంచ, భద్రాచలం అనే ఈ మూడు ఊళ్లను కలిపే యాత్రకు వేరే పేరు వెదకనక్కరలేదు.

పాల్వంచ చెంత కిన్నెరసాని జలాశయం, దానిని ఆవరించి 635 చదరపు కిలోమీటర్ల అభయారణ్యం ఉన్నవి. ఇక్కడ నియమాలు వేరు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అభయారణ్యంలో ప్రవేశానికి అనుమతి తప్పనిసరి. పర్యాటకులకు సెక్షన్ 28 వర్తిస్తుంది. సైకిలుకు చప్పుడు లేకపోవడం పక్షుల విషయంలో మేలు, ఎలుగుబంటి విషయంలో కీడు. అలికిడి లేకుండా మనిషి దగ్గరపడితే అది బెదిరి మీదికి వస్తుంది. మలుపుల వద్ద గంట మోగించవలెను, చీకటి పడకముందే అడవి వీడవలెను. జలాశయంలో మొసళ్లు ఉన్నందున ఒడ్డున కాళ్లు కడుగుకొనే అలవాటు మానవలెను.

చెరువులకు మాత్రం అడవికి ఉన్నంత చట్ట రక్షణ లేదు. 2017 నాటి తడి నేలల నిబంధనలు వరి పొలాలను, సాగునీటి కోసం మానవులు నిర్మించిన జలాశయాలను తమ నిర్వచనం నుండి మినహాయించాయి. 2002లో రామ్‌సర్ జాబితాలో చేరిన కొల్లేరుకు గల హోదా బాలసముద్రం వంటి చెరువుకు లేదు. కొంగలు, బాతులు ఈ తేడా ఎరుగవు. ఖమ్మం సమీపంలోని చింతపల్లిలో ఎర్రకాళ్ల కొంగలు గూళ్లు కట్టిన చింతచెట్లను దశాబ్దాల పాటు కాపాడినది చట్టం కాదు, ఆ ఊరి ప్రజలు.

సైకిలు యాత్రకు నవంబరు నుండి ఫిబ్రవరి వరకు అనుకూల కాలం. వేసవిలో కొత్తగూడెం, భద్రాచలం ప్రాంతాలు రాష్ట్రంలోనే అత్యధిక ఉష్ణోగ్రతలు నమోదు చేసే వాటిలో ఉంటాయి. వానాకాలంలో నల్లరేగడి మట్టి చక్రానికి, మడ్‌గార్డుకు మధ్య పేరుకొని సైకిలును కదలనీయదు. అటువంటపుడు సైకిలును భుజాన వేసుకొని నడిచే రైతులను ఈ ప్రాంతంలో నేటికీ చూడవచ్చును.