చంద్రుడి డేటా ఫ్రీగానే ఉంది.. గ్రహాల పరిశోధనలోకి మనం వెళ్లే దారి ఏంటి?

ఇవాళ ప్లానెటరీ సైన్స్ గురించి మాట్లాడుకుందాం. తెలుగులో గ్రహ శాస్త్రం అనుకోండి. చంద్రుడి మీద రాళ్లు దేనితో తయారయ్యాయి, అంగారకుడి మీద నీళ్లు ఎటు పోయాయి, శుక్రగ్రహం ఎందుకంత వేడిగా ఉంది, ఉల్కలు ఎక్కడి నుంచి వస్తున్నాయి.. ఇలాంటివన్నీ ఇందులోకే వస్తాయి. మన దేశంలో ఈ రంగంలో ఇప్పుడు ఏం జరుగుతోంది, మామూలు డిగ్రీ కాలేజీలో చదివేవాళ్లకు ఇందులోకి దారి ఉందా, ఉంటే ఎక్కడ మొదలుపెట్టాలి.. ఈ మూడూ చూద్దాం.

ఇస్రో ఉద్యోగం వేరు, ఈ పని వేరు

చాలామంది ఇక్కడే ఆగిపోతారు. "నేను ఐఐటీ కాదు, బీటెక్ కూడా కాదు, బీఎస్సీ జియాలజీ. మనకెందుకులే" అనుకుంటారు. ఇస్రో నోటిఫికేషన్ చూస్తే ఎక్కువగా ఎలక్ట్రానిక్స్, మెకానికల్, కంప్యూటర్ సైన్స్ ఇంజనీర్ల పోస్టులే కనిపిస్తాయి కాబట్టి అలా అనిపించడం సహజమే.

కానీ చూడండి, రాకెట్ తయారుచేసి పంపేవాళ్లు ఒకరు. అది పంపిన సమాచారం చదివి "ఇదిగో, ఇక్కడ రాయి ఇలాంటిది" అని చెప్పేవాళ్లు ఇంకొకరు. ఈ రెండో పనికి ఫిజిక్స్, జియాలజీ, కెమిస్ట్రీ, మ్యాథ్స్ చదివినవాళ్లు కావాలి. మన దేశంలో ఈ పనికి పెద్ద కేంద్రం అహ్మదాబాద్‌లోని ఫిజికల్ రీసెర్చ్ లేబొరేటరీ. అందరూ పీఆర్‌ఎల్ అంటారు. విక్రమ్ సారాభాయ్ 1947లో మొదలుపెట్టిన సంస్థ అది. ఇప్పుడు కేంద్ర ప్రభుత్వ అంతరిక్ష విభాగం కింద నడుస్తోంది.

చెన్నైలో కూర్చుని చంద్రుడి మీద వెతికాడు

2019 సెప్టెంబర్ గుర్తుందా? చంద్రయాన్-2లోని విక్రమ్ ల్యాండర్ దిగుతూ దిగుతూ కూలిపోయింది. ఎక్కడ పడిందో తెలియలేదు. నాసా వాళ్ల ఎల్‌ఆర్‌ఓ అనే ఉపగ్రహం ఆ ప్రాంతం ఫొటోలు తీసింది. వాటిని అందరికీ అందుబాటులో పెట్టింది.

చెన్నైలో షణ్ముగ సుబ్రమణియన్ అనే ఇంజనీర్ ఉన్నాడు. ఆయన ఏ అంతరిక్ష సంస్థలోనూ పనిచేయట్లేదు. ఆ ఫొటోలు తెరిచి, అదే చోటుకి సంబంధించిన పాత ఫొటోలు పక్కన పెట్టుకుని, కొత్తగా వచ్చిన చుక్క ఏదైనా ఉందా అని వెతికాడు. ఒక చిన్న తెల్లటి చుక్క దొరికింది. వెంటనే ఎల్‌ఆర్‌ఓ టీమ్‌కి రాశాడు. వాళ్లు సరిచూసుకుని 2019 డిసెంబర్‌లో అది విక్రమ్ శకలమే అని ప్రకటించారు. ముందు గుర్తించింది ఆయనే అని పేరుతో సహా చెప్పారు.

ఇక్కడ గమనించాల్సిందేంటంటే, ఆయన దగ్గర రహస్య సమాచారం ఏమీ లేదు. నాసా దగ్గరున్న ఫొటోలే ఆయన దగ్గరా ఉన్నాయి. తేడా ఓపిక ఒక్కటే.

డేటాకి వయసు ఉండదు

చంద్రయాన్-1ని 2008 అక్టోబర్ 22న శ్రీహరికోట నుంచి ప్రయోగించారు. 2009 ఆగస్టులో దానితో సంబంధాలు తెగిపోయాయి. ఏడాది కూడా నిండలేదు. అయినా అందులో వెళ్లిన నాసా పరికరం ఎం-త్రీ ఇచ్చిన సమాచారంతో చంద్రుడి నేల మీద నీటి ఆనవాళ్లు ఉన్నాయని అదే ఏడాది సెప్టెంబర్‌లో ప్రపంచానికి తెలిసింది.

కథ అక్కడితో అయిపోలేదు. 2018లో ఇంకో బృందం అదే పాత డేటాని మళ్లీ తవ్వి, ధ్రువాల దగ్గర ఎండ పడని గుంతల్లో నేల పైనే మంచు ఉందని చూపించింది. ఉపగ్రహం మూగబోయి తొమ్మిదేళ్లయ్యాక! అంటే పాత డేటా కూడా కొత్త ప్రశ్న అడిగేవాడి కోసం ఎదురుచూస్తూనే ఉంటుంది.

మన డేటా కూడా బయటే ఉంది. బెంగళూరు దగ్గర బ్యాలాలులో ఇస్రో వాళ్ల స్పేస్ సైన్స్ డేటా సెంటర్ ఉంది. దాని ప్రదాన్ అనే పోర్టల్‌లో చంద్రయాన్-2 డేటా దొరుకుతుంది. చంద్రయాన్-3 సైన్స్ డేటాని 2024 ఆగస్టు 23న, అంటే మొదటి జాతీయ అంతరిక్ష దినోత్సవం రోజున విడుదల చేశారు. రిజిస్టర్ చేసుకోవాలి, అంతే. డబ్బు కట్టక్కర్లేదు.

ప్రజ్ఞాన్ కనుక్కున్నది, చీమకుర్తి రాయి

చంద్రయాన్-3లో ప్రజ్ఞాన్ రోవర్ సుమారు 100 మీటర్లు నడిచింది. దారిలో 23 చోట్ల మట్టిని పరీక్షించింది. పీఆర్‌ఎల్ శాస్త్రవేత్తల బృందం ఆ లెక్కలన్నీ చూసి 2024లో నేచర్ పత్రికలో ప్రచురించింది. అక్కడి మట్టి ఎక్కువగా అనార్థొసైట్ అనే రాయి లాంటిది అని తేలింది.

అయితే ఏంటి? చంద్రుడు పుట్టిన కొత్తలో పైభాగమంతా కరిగిన రాయి సముద్రంలా ఉండేదని ఒక సిద్ధాంతం. పాలు చల్లారుతుంటే మీగడ పైకి తేలుతుంది కదా, అలా తేలికైన ప్లాజియోక్లేజ్ అనే ఖనిజం పైకి తేలి గట్టిపడి, చంద్రుడికి చర్మంలా అయింది. అపోలో వ్యోమగాములు తెచ్చిన రాళ్లు చంద్రుడి మధ్య భాగాల నుంచి వచ్చాయి. దక్షిణ ధ్రువం వైపు దూరంగా కూడా అదే కథ నిజమా? నిజమే అనడానికి ప్రజ్ఞాన్ లెక్కలు బలమైన ఆధారం ఇచ్చాయి.

మన ప్రకాశం జిల్లా చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ తెలుసు కదా? నల్లగా ఉండి లోపల బంగారు చుక్కలు మెరుస్తుంటాయి. వ్యాపారంలో గ్రానైట్ అంటారు గానీ, జియాలజీ వాళ్ల లెక్కలో అది గాబ్రో జాతి రాయి. అందులో ముఖ్యంగా ఉండే ప్లాజియోక్లేజ్, పైరాక్సీన్ ఖనిజాలే చంద్రుడి పైపొరలోనూ ముఖ్యమైనవి. భూమి మీద ఈ రాళ్లని గుర్తుపట్టడం నేర్చుకున్న విద్యార్థి చంద్రుడి రాళ్లకు సగం దూరం వచ్చేసినట్టే. బీఎస్సీ జియాలజీ చిన్న చదువు కాదు అని చెప్పడానికే ఇదంతా.

రాబోయే పనులు

2024 సెప్టెంబర్ 18న కేంద్ర మంత్రివర్గం రెండు పెద్ద మిషన్లకు ఓకే చెప్పింది. ఒకటి చంద్రయాన్-4, సుమారు 2,104 కోట్లు. చంద్రుడి మట్టిని, రాళ్లని భూమికి తెచ్చే ప్రయత్నం. రెండోది శుక్రగ్రహం చుట్టూ తిరిగే ఆర్బిటర్, 1,236 కోట్లు. దీనికి 2028 మార్చి లక్ష్యం అని అప్పుడు చెప్పారు. జపాన్‌తో కలిసి చేసే చంద్రయాన్-5కి 2025లో అనుమతి వచ్చింది. ల్యాండర్ మనది, రోవర్ జపాన్‌ది.

ఇప్పుడు మీ వయసు లెక్కేసుకోండి. ఇవాళ 19 ఏళ్లున్న అమ్మాయి ఎంఎస్సీ చేసి పీహెచ్‌డీలో చేరేసరికి ఈ మిషన్ల సమాచారం రావడం మొదలవ్వొచ్చు. రాళ్లు వస్తే వాటిని ల్యాబ్‌లో పరీక్షించేవాళ్లు కావాలి. ఆ చేతులు అప్పటికప్పుడు తయారు కావు.

అవకాశాలు ఏ దశలో ఏవి?

తొమ్మిదో తరగతిలో ఉంటే ఇస్రో యువిక ప్రోగ్రామ్ ఉంది. స్కూల్ పిల్లల కోసమే అది.

డిగ్రీ చివరి ఏడాదిలోనో, పీజీలోనో ఉంటే ఇస్రో స్టార్ట్ అనే ఆన్‌లైన్ శిక్షణ చూడండి. అంతరిక్ష శాస్త్రానికి పునాది పాఠాలు చెప్తారు. డెహ్రాడూన్‌లోని ఐఐఆర్‌ఎస్ శాటిలైట్ చిత్రాలు చదవడం మీద ఉచిత ఆన్‌లైన్ కోర్సులు నడుపుతుంది. మన సైన్స్ అకాడమీలు మూడూ కలిసి సమ్మర్ రీసెర్చ్ ఫెలోషిప్ ఇస్తాయి. ఎంపికైతే వేసవిలో ఒక శాస్త్రవేత్త దగ్గర రెండు నెలలు పనిచేయొచ్చు, స్టైపెండ్ కూడా ఇస్తారు.

ఎంఎస్సీ చేయాలంటే ఐఐటీల్లో సీటుకి జామ్ పరీక్ష ఉంది. ఫిజిక్స్, జియాలజీ రెండు పేపర్లూ ఉన్నాయి. ఆ తర్వాత పీహెచ్‌డీకి నెట్, గేట్, జెస్ట్ లాంటి పరీక్షలు. పీఆర్‌ఎల్ ఏ ఏడాది ఏ స్కోరు తీసుకుంటుందో నోటిఫికేషన్‌లో చూసుకోవాలి. జేఆర్‌ఎఫ్ వస్తే నెలకు 37,000 రూపాయలు, రెండేళ్ల తర్వాత 42,000. ఇంట్లో "ఇంకా చదువేనా, సంపాదన ఎప్పుడు" అని అడిగితే ఈ అంకె చెప్పండి. పీహెచ్‌డీకి మనం కట్టడం కాదు, మనకే ఇస్తారు.

డబ్బులు అడిగితే ఒక్క నిమిషం ఆగండి

రీల్స్‌లో "నాసా ఇంటర్న్‌షిప్, సర్టిఫికెట్‌తో, కేవలం 2,999" లాంటివి కనిపిస్తుంటాయి. నాసా ఇంటర్న్‌షిప్‌లు సాధారణంగా అమెరికా పౌరులకే. ఎవరో మధ్యవర్తికి డబ్బు కడితే వచ్చేవి అసలే కావు. వేలు కట్టి తెచ్చుకున్న ఆ కాగితాన్ని ఏ ల్యాబ్‌లోనూ చూడరు. అప్లికేషన్‌కి చిన్న ఫీజు ఉండొచ్చు, అంతకు మించి అడిగితే సంస్థ సొంత వెబ్‌సైట్‌లో ఆ నోటిఫికేషన్ ఉందో లేదో చూడండి. లేకపోతే వదిలేయండి. ఆ డబ్బు మీ నాన్న కష్టం.

ఈ నెలలోనే మొదలుపెట్టొచ్చు

ఫోన్ బ్రౌజర్‌లో ఎల్‌ఆర్‌ఓసీ క్విక్‌మ్యాప్ అని వెతికి తెరవండి. చంద్రుడంతా మ్యాప్‌లా వస్తుంది, జూమ్ చేసుకోవచ్చు. నల్లటి మైదానంలో ఒక చోటు, తెల్లటి ఎత్తు ప్రాంతంలో అంతే పెద్ద ఇంకో చోటు ఎంచుకోండి. ఒక కిలోమీటర్ కంటే పెద్ద గుంతలు రెండు చోట్లా ఎన్నున్నాయో లెక్కపెట్టండి. గుంతలు ఎక్కువున్న నేల ఎక్కువ పాతది. ఎందుకంటే ఎక్కువ కాలం దెబ్బలు తిన్నది కాబట్టి. గ్రహాల నేల వయసు కట్టడంలో శాస్త్రవేత్తలు వాడే పద్ధతికి పునాది ఇదే.

అసలు పనికి మాత్రం ఫోన్ చాలదు. లాప్‌టాప్ కావాలి. లేకపోతే కాలేజీ ల్యాబ్ అడగండి. క్యూజీఐఎస్, పైథాన్ రెండూ ఉచితమే. ఏటా మార్చిలో అమెరికాలోని హ్యూస్టన్ దగ్గర ఎల్‌పీఎస్‌సీ అనే పెద్ద సదస్సు జరుగుతుంది. అక్కడ సమర్పించే రెండు పేజీల సారాంశాలు ఎవరైనా ఉచితంగా చదవొచ్చు. వారానికి ఒకటి చదవండి. మొదట్లో ఇంగ్లీష్ కష్టంగానే ఉంటుంది, పదో దానికి అలవాటైపోతుంది.

మీరు లెక్కపెట్టింది కూడా అలాగే రెండు పేజీల్లో రాయండి. తర్వాత ప్రొఫెసర్‌కి మెయిల్ పెట్టేటప్పుడు "సర్, నాకు స్పేస్ అంటే ప్రాణం" అని రాయకండి. అలాంటివి వాళ్లకు రోజూ వస్తాయి. "ఈ రెండు చోట్లా గుంతలు లెక్కపెట్టాను, ఈ తేడా వచ్చింది, ఇక్కడ నాకు డౌట్ ఉంది" అని రాయండి. ఆ మెయిల్‌కి జవాబు వచ్చే అవకాశం ఎక్కువ.

ఇంకో మాట కూడా చెప్పాలి. ఈ రంగంలో సీట్లు తక్కువ, పీహెచ్‌డీకి ఐదారేళ్లు పడుతుంది. అందరికీ రాకపోవచ్చు. కానీ శాటిలైట్ చిత్రాలు చదవడం, మ్యాపులు చేయడం, పైథాన్ రాయడం వస్తే ఆ విద్య వృథా కాదు. హైదరాబాద్‌లోని ఎన్‌ఆర్‌ఎస్‌సీ వాళ్లు పంటలు, వరదలు, అడవుల లెక్కలు తీసేది కూడా ఇలాంటి చిత్రాలతోనే. చంద్రుడి మీద నేర్చుకున్నది గోదావరి వరద మ్యాప్‌కీ పనికొస్తుంది.

నోటిఫికేషన్‌కి చివరి తేదీ ఉంటుంది, అది దాటితే మళ్లీ ఏడాది ఆగాలి. డేటాకి చివరి తేదీ లేదు. ఈ రాత్రే క్విక్‌మ్యాప్ తెరిచి మొదటి గుంత లెక్కపెట్టండి.