ఆశ్రయం తొలగిన కుంచె

ఛాయాచిత్రం పుట్టని కాలంలో మనిషి రూపం అతని తరువాత కూడా నిలిచి ఉండాలంటే చిత్రకారుని కుంచె ఒక్కటే శరణ్యం. ఆ కుంచెను నమ్ముకొని పద్దెనిమిదవ శతాబ్దంలో ఎందరో ఐరోపా చిత్రకారులు సముద్రాలు దాటి మన దేశానికి వచ్చారు. నవాబులు, కంపెనీ దొరలు ఇచ్చే భారీ పారితోషికాలే వారిని ఆకర్షించాయి. అట్టివారిలో ఐర్లండు దేశస్థుడైన థామస్ హికీ ఒకరు. ఆయన ఉన్నతి, క్షీణత రెండూ కూడా ఉద్యోగజీవులమైన మనకు ఆలోచించదగినవే.

హికీ 1741లో డబ్లిన్ నగరంలో ఒక మిఠాయి వర్తకుని ఇంట జన్మించారు. అక్కడి కళాశాలలో చిత్రలేఖనం అభ్యసించి, ఇటలీలో కొన్ని సంవత్సరాలు గడిపి, లండన్, బాత్ నగరాలలో జీవనోపాధి వెదుకుకొన్నారు. పోటీ అధికంగా ఉన్న ఆ నగరాలలో ఆయనకు ఆశించిన పేరు రాలేదు. 1780లో ఈస్టిండియా కంపెనీ అనుమతి పొంది భారతదేశానికి ఓడ ఎక్కారు. అది ఆంగ్లేయులకు, ఫ్రెంచివారికి యుద్ధం జరుగుతున్న కాలం. ముదలియార్‌పేట వాసులకు సుపరిచితమైన పుదుచ్చేరి కోట 1778లో ఆంగ్లేయుల వశమైనది ఈ యుద్ధంలోనే. దాని సెగ హికీకి నడిసముద్రంలో తగిలింది. శత్రునౌకలు ఆయన ప్రయాణిస్తున్న ఓడను పట్టుకొని స్పెయిన్‌కు తరలించాయి. విడుదలైన పిదప ఆయన లిస్బన్ చేరి, చిత్రాలు వ్రాసుకొంటూ కాలం గడిపి, 1784లో గాని కలకత్తాలో అడుగుపెట్టలేకపోయారు.

కలకత్తాలో కొంత ఆదరణ లభించింది. చిత్రకళ, శిల్పకళల చరిత్రను వ్రాయ సంకల్పించి 1788లో ప్రథమ సంపుటం ప్రకటించారు. రెండవ సంపుటం వెలువడలేదు. స్వదేశానికి మరలిన తరువాత 1792లో మెకార్ట్‌నీ ప్రభువు రాయబారబృందంలో అధికార చిత్రకారునిగా చైనా వెళ్ళారు. అక్కడి వింతలను చిత్రించి ప్రఖ్యాతి గడించినవాడు ఆయన కాదు, ఆయనకు సహాయకునిగా వెళ్ళిన యువకుడు విలియం అలెగ్జాండర్.

1798లో హికీ మద్రాసు చేరారు. మరుసటి సంవత్సరం మే 4న శ్రీరంగపట్టణంలో టిప్పు సుల్తాను మరణించారు. ఈ విజయాన్ని చిత్రాలలో నిలపాలని ఆంగ్లేయులు ఉవ్విళ్ళూరారు. హికీ యుద్ధరంగానికి వెళ్ళి సేనానాయకుల ముఖాలను సుద్దతో చిత్రించుకొన్నారు. టిప్పు కుమారుల, మైసూరు ప్రముఖుల రూపాలను కూడా రచించారు. గవర్నర్ జనరల్ వెల్లస్లీ ప్రభువు సైతం ఆయన ఎదుట కూర్చొన్నారు. ఆయన జీవితంలో ఇదే మధ్యాహ్నకాలం.

శ్రీరంగపట్టణ విజయగాథను ఏడు బృహత్ చిత్రాలుగా రూపొందించాలని ఆయన కన్న కల నెరవేరలేదు. కంపెనీ చారిత్రక చిత్రకారునిగా తనను నియమించవలసినదని 1804లో పెట్టుకొన్న వినతి తిరస్కృతమైంది. 1805లో వెల్లస్లీ స్వదేశానికి మరలారు. అప్పటికే మద్రాసులో జార్జి చిన్నరీ అనే యువ చిత్రకారుడు పోటీకి వచ్చి ఉన్నాడు. హికీ హస్తనైపుణ్యం తరిగిపోయిందనడం న్యాయం కాదు. 1805 నాటి మైసూరు రాచకుటుంబ స్త్రీల చిత్రమే అందుకు సాక్ష్యం. తరిగిపోయినది ఆశ్రయం. ముదలియార్‌పేటలో 1898లో వెలసిన ఏ.ఎఫ్.టి. మిల్లు 2020లో మూతపడినప్పుడు కూడా కార్మికుల చేతులు పని మరచిపోలేదు కదా! చేయించుకొనేవారు లేనిదే చేసేవాని విద్య వెలుగు చూడదు.

ఈ మలిసంధ్యలోనే, డెబ్బయి అయిదేళ్ళ వయస్సులో, తెలుగువారు మరువరాని చిత్రాన్ని హికీ వ్రాశారు. 1816 నాటి ఆ చిత్రంలో ఎర్రని సైనిక దుస్తులు ధరించి నిలిచినవారు కల్నల్ కాలిన్ మెకంజీ. మన ప్రాంతాల కైఫీయతులను, శాసనాలను సేకరింపజేసిన అధికారి ఆయనే. ఆయన చెంత ముగ్గురు భారతీయులున్నారు. తాటాకు ప్రతి పట్టుకొన్నవారు జైన పండితుడు ధర్మయ్య అని, దుర్భిణి పట్టుకొన్నవాడు జవాను కిష్టన్నాజీ అని, మరొకరు ఏలూరుకు చెందిన కావలి వేంకట లక్ష్మయ్య అని పరిశోధకులు గుర్తించారు. వెనుక గోమటేశ్వర విగ్రహం కనిపిస్తుంది. దొరతో పాటు సేవకుని, పండితుని కూడా పేరు గల మనుషులుగా నిలిపినది ఈ చిత్రం.

1821లో మెకంజీ మరణించారు. అసంపూర్తిగా మిగిలిన సేకరణను తాను కొనసాగిస్తానని లక్ష్మయ్య కోరగా, 1830లలో కలకత్తాలోని ఏషియాటిక్ సొసైటీ పెద్దలు అంగీకరించలేదు. చిత్రించిన హికీకి, చిత్రంలో ఉన్న లక్ష్మయ్యకు చివరకు ఎదురైనది ఒకే అనుభవం. అండగా నిలిచిన వ్యక్తి తొలగిపోగానే వారి యోగ్యతను గుర్తించే సంస్థ లేకపోయింది.

హికీ 1824లో మద్రాసులోనే కన్నుమూశారు. ఆయన వ్రాయదలచిన ఏడు యుద్ధచిత్రాలు నేడు లేవు. ఆశ్రయం కరవైన వయస్సులో వ్రాసిన మెకంజీ చిత్రం బ్రిటిష్ గ్రంథాలయ సంపదలో పదిలంగా ఉంది. ఏలూరు పండితుని ముఖాన్ని మనం చూడగలగడం ఆ వృద్ధ చిత్రకారుని చలవే.