లాంచీ ఎక్కే ముందురోజు

పాపికొండల నదీవిహారానికి వెళ్లదలచిన కుటుంబాలలో చాలావరకు ఒక రోజు ముందే రాజమహేంద్రవరం చేరుకుంటాయి. లాంచీలు ఉదయం పూటే బయలుదేరడమూ, అవి బయలుదేరే రేవు నగరానికి ఎగువన, రోడ్డు మీద చాలా దూరం వెళ్తే గాని అందని చోట ఉండడమూ ఇందుకు కారణాలు. ఆ ముందురోజును లాడ్జి గదిలో విశ్రాంతితోనో, బజారులో కొనుగోళ్లతోనో గడిపివేయడం వాడుకగా మారింది. కాని లాంచీ చూపించేది కొండల నడుమ ఒదిగి నడిచే గోదావరిని మాత్రమే; ఆ నది మైదానంలోకి దిగి ఎంత వెడల్పు అవుతుందో, దానిని దాటడానికీ, మళ్లించడానికీ మనుషులు ఎన్ని పాట్లు పడ్డారో తెలియాలంటే రాజమహేంద్రవరంలో ఒక పగలంతా తిరగవలసిందే.

మహారాష్ట్రలోని త్ర్యంబకం దగ్గర పుట్టి సుమారు 1465 కిలోమీటర్లు ప్రవహించే గోదావరి, తూర్పు కనుమలను చీల్చుకొని వచ్చి, పోలవరం దాటిన తరువాత ఒక్కసారిగా విస్తరిస్తుంది. అక్కడి నుంచి ధవళేశ్వరం దాకా చీలిక లేకుండా సాగే ప్రవాహాన్ని ‘అఖండ గోదావరి’ అంటారు. ధవళేశ్వరం దిగువన అది గౌతమి, వసిష్ఠ అనే రెండు పెద్ద పాయలుగా విడిపోతుంది; గౌతమి యానాం మీదుగానూ, వసిష్ఠ అంతర్వేది దగ్గరా సముద్రంలో కలుస్తాయి. ఎగువన రెండు కొండవరుసల నడుమ నది పాపిడిలా కనిపిస్తుంది గనుక అవి పాపిడి కొండలనీ, అదే మాట పాపికొండలు అయిందనీ స్థానికులు చెబుతారు. ఈ వ్యుత్పత్తి సరైనదే అయితే, ఎగువన పాపిడినీ దిగువన పాయలనూ చూసిన తెలుగువారు నదిని తల దువ్వుకున్న స్త్రీగానే ఊహించుకున్నారనుకోవాలి.

పగటి సంచారాన్ని రేవు దగ్గర మొదలుపెట్టడం మేలు. తెలుగులో ‘రేవు’ అనే మాటకు నీళ్లలోకి దిగి స్నానం చేసే చోటు అనీ, పడవలు ఆగే చోటు అనీ రెండర్థాలు ఉన్నాయి. రాజమహేంద్రవరం గట్టు ఈ రెండు పనులకూ ఉపయోగపడింది. కోటిలింగాల రేవు, పుష్కర ఘాట్, వాటి సమీపంలోని మార్కండేయస్వామి ఆలయం ఉదయపు చల్లదనంలో పెద్దలను ఎక్కువ నడిపించకుండానే చూడగలిగినవి. బృహస్పతి సింహరాశిలో ప్రవేశించినప్పుడు, అంటే సుమారు పన్నెండేళ్లకొకసారి, గోదావరికి పుష్కరాలు వస్తాయి. 2015లో జరిగిన పుష్కరాల తరువాత వచ్చేవి 2027లో. ఆ పన్నెండు రోజులలో ఈ మెట్ల మీద కాలు మోపడం కష్టం గనుక, పిల్లలకు నదిని స్థిమితంగా చూపించదలచినవారు మామూలు రోజులనే ఎంచుకోవాలి.

ఘాట్ల మీద నిలబడినవారి చూపు వంతెనల మీదికి పోకుండా ఉండదు. వీటిలో మొదటిది, 1897లో నిర్మాణం మొదలై 1900లో రైళ్లకు తెరుచుకున్న హేవలాక్ వంతెన. అప్పటి మద్రాసు గవర్నరు పేరు మీదుగా దానికి ఆ పేరు వచ్చింది. 56 ఖానాలతో, అంటే స్తంభానికీ స్తంభానికీ నడుమ ఉండే 56 భాగాలతో, ఇది సుమారు 2.7 కిలోమీటర్ల పొడవు ఉంటుంది. వంతెన లేనంతకాలం మద్రాసు నుంచి కలకత్తా వైపు వెళ్లదలచినవారికి గోదావరి ఒక అంతరాయం. ఆవలి గట్టున ఉన్న కొవ్వూరుకూ ఇటు రాజమహేంద్రవరానికీ నడుమ పడవ ఎక్కక తప్పేది కాదు. దాదాపు ఒక శతాబ్దం పనిచేసిన తరువాత 1997లో హేవలాక్ వంతెనకు విశ్రాంతి ఇచ్చారు.

రెండవది 1974లో వచ్చిన రోడ్డు–రైలు వంతెన. కింది అంతస్తులో రైలు, పై అంతస్తులో రోడ్డు వెళ్లే ఈ కట్టడంలో రోడ్డు భాగం పొడవు నాలుగు కిలోమీటర్లకు పైబడినది. అప్పటిదాకా కొవ్వూరు, రాజమహేంద్రవరాల మధ్య రోడ్డు వాహనాలకు వంతెనే లేదన్న సంగతి ఈనాటి పిల్లలకు వింతగా తోచవచ్చు. మూడవది, 1990ల చివరలో హేవలాక్ వంతెన స్థానాన్ని తీసుకున్న కమానుల వంతెన. నగరపు ఫోటోలలో కనబడేది ఇదే. దీని నిర్మాణ పద్ధతిని వివరించడానికి విల్లునే ఉదాహరణగా తీసుకోవచ్చు. పైన వంగిన కాంక్రీటు కమాను విల్లయితే, రైలు నడిచే అడుగుభాగం ఆ విల్లు రెండు కొనలనూ కలిపి పట్టి ఉంచే అల్లెతాడు. కమాను కొనలు బయటికి జారిపోకుండా అడుగుభాగమే లాగి పట్టుకోవడం వల్ల స్తంభాల మీద పక్కవాటు ఒత్తిడి తగ్గుతుంది. ఒక్కొక్కటి 97.55 మీటర్ల వెడల్పుగల 28 ఖానాలతో నది మీద సాగే ఈ వరుసను పిల్లలచేత లెక్కపెట్టించడం కంటే మంచి కాలక్షేపం ఘాట్ మీద దొరకదు. జాతీయ రహదారి కోసం 2015లో నాలుగవ వంతెన కూడా వచ్చింది.

వంతెన ఒక్కొక్కటీ రాగానే దాటింపు పడవకు పని తగ్గింది. రాజమహేంద్రవరం నుంచి భద్రాచలం దాకా ఒకప్పుడు లాంచీలలో ప్రయాణికులు అవసరం మీద వెళ్లేవారు. ‘మూగమనసులు’ (1964)లో కథానాయకుడు పడవ నడిపేవాడు కావడం, ‘అందాల రాముడు’ (1973) కథ దాదాపు అంతా లాంచీ మీదనే నడవడం ఆ రోజుల గుర్తులు. ఇప్పుడు నిత్యావసరంగా మిగిలిన దాటింపు చాలావరకు కోనసీమ వైపునే ఉన్నది. కోటిపల్లి–ముక్తేశ్వరం, నరసాపురం–సఖినేటిపల్లి రేవులలో మనుషులతోపాటు మోటారు వాహనాలను కూడా చేర్చే చదునైన నావను అక్కడివారు ‘పంటు’ అంటారు. పాపికొండల లాంచీ, ఒకప్పటి ప్రయాణ సాధనం వినోద సాధనంగా మారిన రూపం.

ఎండ ముదిరే వేళ నీడపట్టున చూడదగినవి రెండు. గోదావరి గట్టు మీది దామెర్ల రామారావు చిత్రశాల మొదటిది. 1897లో పుట్టిన రామారావు ప్రతిభను స్థానిక ప్రభుత్వ కళాశాల ప్రిన్సిపాల్‌గా ఉన్న ఓస్వాల్డ్ కూల్డ్రే గుర్తించి, బొంబాయిలోని జె.జె. కళాశాలకు వెళ్లేటట్లు ప్రోత్సహించాడు. తిరిగివచ్చి 1923లో ఈ నగరంలోనే చిత్రకళా సంస్థను స్థాపించిన ఈ చిత్రకారుడు 1925లో మశూచి సోకి, ముప్ఫై ఏళ్లయినా నిండకుండానే మరణించాడు. విహారయాత్రల కార్యక్రమాలలో ఈ చిత్రశాలకు చోటు దొరకకపోవడం విచారకరం. రెండవది, 1881 డిసెంబరు 11న తెలుగునాట తొలి వితంతు వివాహం జరిపించిన కందుకూరి వీరేశలింగం పంతులు ఇల్లు, ఆయన కట్టించిన టౌన్‌హాలు. రాజరాజ నరేంద్రుని ఆస్థానంలో నన్నయ భారతాంధ్రీకరణకు పూనుకొన్నది కూడా ఈ ఊరిలోనే.

సాయంకాలాన్ని మాత్రం ధవళేశ్వరానికే కేటాయించాలి. నగరానికి దిగువన ఆనుకొని ఉన్న ఈ ఊరిలో సర్ ఆర్థర్ కాటన్ 1847లో మొదలుపెట్టి 1852 నాటికి ముగించిన కట్టడం ‘ఆనకట్ట’. అంటే నది మట్టాన్ని కాస్త పెంచి నీటిని కాలువలలోకి మళ్లించే గోడ. వరద దాని మీదుగా పొర్లి పోయేది. ఆ గోడ పాతబడిన తరువాత 1970లలో మొదలై 1982లో పూర్తయినది ‘బ్యారేజీ’. ఇందులో నీటిని ఆపడం, వదలడం తలుపుల ద్వారా జరుగుతుంది. నదిలోని లంకలను, అనగా ఇసుక, ఒండ్రు చేరి ఏర్పడిన దిబ్బలను, ఆసరాగా చేసుకొని ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అనే నాలుగు విభాగాలుగా సాగే ఈ బ్యారేజీకి మొత్తం 175 తలుపులు. తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాల కాలువలు ఇక్కడే పుట్టి పది లక్షల ఎకరాలకు నీరు అందిస్తాయి. కాటన్ పేరిట ఇక్కడొక మ్యూజియం ఉన్నది. ఆయన విగ్రహాలు డెల్టా గ్రామాలలో ఊరూరా కనబడతాయి. పరాయి పాలనకు చెందిన ఒక ఇంజనీరుకు ఇంతటి ఆదరం ఎందుకన్న ప్రశ్నకు బ్యారేజీ మీద నిలబడి రెండువైపులా చూస్తే జవాబు దొరుకుతుంది.

బ్యారేజీ దాటి బొబ్బర్లంక మీదుగా వెళ్తే ఆత్రేయపురం వస్తుంది. బోర్లించిన కుండ కింద మంట పెట్టి, పలచని బియ్యప్పిండి పాలలో తడిపిన గుడ్డను కుండ మీద ఒక్కసారి పరిచి తీస్తే మిగిలే పొరలే పూతరేకులు. 2023లో వీటికి భౌగోళిక గుర్తింపు లభించింది. వాటిని కొనడం కంటే చేస్తుండగా చూడడం పిల్లలకు ఎక్కువ గుర్తుంటుంది. నగరానికి తిరిగివచ్చాక రోజ్‌మిల్క్ తాగడం, చీకటి పడే వేళ పుష్కర ఘాట్‌లో గోదావరి హారతి చూడడం ఇప్పుడు దాదాపు ఆనవాయితీ.

ఇక మరునాటి ప్రయాణం. ఒకప్పుడు పట్టిసీమ, పురుషోత్తపట్నం, పోలవరం రేవుల నుంచి లాంచీలు బయలుదేరేవి. పోలవరం ప్రాజెక్టు కట్టడం సాగి, 2021లో నది ప్రవాహాన్ని స్పిల్‌వే మీదుగా, అంటే వరదనీటిని వదిలే తలుపుల మీదుగా, మళ్లించడంతో ఆ దారి మూసుకుపోయింది. అందువల్ల ప్రాజెక్టుకు ఎగువన ఉన్న గండి పోచమ్మ గుడి దగ్గరికి రోడ్డు మీద వెళ్లి అక్కడ లాంచీ ఎక్కవలసి వస్తున్నది. గండి అంటే కొండల నడుమ నీటికి దొరికిన తోవ. బ్యారేజీ దగ్గర కిలోమీటర్ల వెడల్పున చూసిన నది ఆ పైన కొన్ని వందల మీటర్లకు కుదించుకుపోవడం గమనించినవారికి ఆ మాట అర్థం తేలికగా బోధపడుతుంది.

ఇరుకైన చోట నీరు లోతుగానూ, సుడులతోనూ ఉంటుంది. 2019 సెప్టెంబరు 15న దేవీపట్నం మండలం కచ్చులూరు దగ్గర వరద పోటులో ఒక విహార పడవ మునిగి, అందులోని 77 మందిలో సుమారు 50 మంది ప్రాణాలు కోల్పోయారు. పడవను పైకి తీయడానికి అయిదు వారాలకు మించి పట్టింది. ఆ తరువాత చాలాకాలం విహారాన్ని నిలిపివేసి, ప్రయాణికుల లెక్క, లైఫ్ జాకెట్లు, నీటిమట్టం పరిశీలించే కంట్రోల్ రూములు పెట్టి మళ్లీ అనుమతించారు. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకు మొదటి, 13.75 అడుగులకు రెండవ, 17.75 అడుగులకు మూడవ ప్రమాద హెచ్చరికలు జారీ అవుతాయి. ఈ అంకెలు పడవకు సంబంధించినవి కాకపోయినా, ముందురోజు బ్యారేజీ దగ్గర నీటిమట్టం కొలబద్దను చూసివచ్చిన కుటుంబం, మరునాడు లాంచీ కదలదని చెప్పిన సిబ్బందితో వాదనకు దిగదు. విహారానికి అనువైన కాలం నవంబరు నుంచి వేసవి దాకా. వరదలు గట్టిగా వచ్చిన రోజులలో గండి పోచమ్మ గుడి కూడా నీటిలోనే ఉంటుంది.