పళ్ళు పులుస్తున్నాయా?

బుక్కరాయసముద్రం ఎండల్లో నిమ్మసోడా ప్రాణం లేపుతుంది. కాని మాటిమాటికీ తాగితే ఆ పులుపుకు పంటి మీది పింగాణి పొర కరుగుతుంది. చల్లనీళ్ళు తగిలినా పళ్ళు జివ్వుమంటాయి. కరిగిన పొర మళ్ళీ పెరగదు.

అరిగినచోట పూడ్చడానికి గ్లాస్ అయోనోమర్ సిమెంటు ఉంది. ఇంగ్లండు శాస్త్రజ్ఞులు విల్సన్, కెంట్ 1972లో వెల్లడించిన ఈ సిమెంటు పంటికి అంటుకుని, కొద్దికొద్దిగా ఫ్లోరైడు వదులుతుంది. అయితే పులుపు దీన్నీ తినేస్తుంది!

కొద్దిపాటి ఫ్లోరైడు పంటికి బలం. అనంతపురం జిల్లాలో చాలాచోట్ల బోరునీళ్ళలోనే అది ఎక్కువ. పసితనంలో మోతాదు మించితే పళ్ళ మీద మచ్చలు పడతాయి. కనుక పిల్లలకు ఫ్లోరైడు మందులు మీరే కొని వాడకండి. ఏ నీళ్ళు తాగుతున్నారో దంతవైద్యునికి చెప్పండి.

పులుపు పుచ్చుకోగానే మంచినీళ్ళు పుక్కిలించండి. మెత్తబడిన పొర అరిగిపోకుండా అరగంట ఆగి పళ్ళు తోముకోండి.