పాత బొమ్మ డీజిల్ ఇంజిన్‌కు కొత్త రంగు వేస్తున్నారా? ఒక్క నిమిషం ఆగండి!

హుజూరాబాద్: అటక మీద పాత బొమ్మ రైలింజిన్ దొరికితే చాలామంది తళతళా తుడిచి, కొత్త రంగు వేసేస్తారు. కానీ సేకరించేవాళ్ల లెక్కలో దాని విలువ పడిపోయేది అక్కడే. ఇంజిన్ నడుస్తుందా లేదా అన్నది ఒక్కటే కాదు.. అది ఏ ‘వేరియేషన్’ అన్నదీ వాళ్లు చూస్తారు.

వేరియేషన్ అంటే ఏంటి?

మోడల్ అదే, నంబర్ అదే. రంగులోనో, అక్షరాల ముద్రలోనో చిన్న తేడా. ఉదాహరణకు అమెరికా బొమ్మ రైళ్ల కంపెనీ లయనెల్ 1950లో యూనియన్ పసిఫిక్ పేరుతో 2023 నంబర్ ఆల్కో డీజిల్ ఇంజిన్ తెచ్చింది. అప్పుడు దాని రంగు పసుపు. 1951లో అదే నంబర్‌తో వెండి రంగులో వచ్చింది. పసుపు రంగువాటిలోనూ ముక్కు భాగం బూడిద రంగులో ఉన్నవి చాలా అరుదు.

మనకేంటి సంబంధం?

ఆల్కో అంటే అసలు ఇంజిన్లు చేసిన అమెరికా కంపెనీ. మన డబ్ల్యూడీఎం-2 డిజైన్ కూడా ఆ కంపెనీదే. 1962లో అక్కడి నుంచి వచ్చాయి, 1964 నుంచి వారణాసిలో తయారయ్యాయి. హుజూరాబాద్‌లో రైల్వే స్టేషన్ లేదు, రైలెక్కాలంటే జమ్మికుంట పోవాల్సిందే. ఆ కాజీపేట–బల్లార్షా రూట్‌లో కరెంటు లైన్ పడకముందు డీజిల్ ఇంజిన్లదే హవా.

ఈ అసలు ఇంజిన్‌లోనూ రకాలున్నాయి. ముందు కిటికీలు పెద్దగా ఉంటే ‘జంబో’. తర్వాత ఎయిర్ బ్రేకులు బిగిస్తే 2ఏ. 2600 హార్స్‌పవర్ నుంచి 3100కు పెరిగింది 3ఏ. 17 మీటర్ల ఈ ఇంజిన్, 1:87 సైజు మోడల్‌లో సుమారు 20 సెంటీమీటర్లే.

కొనేముందు ఇవి చూడండి

* బాడీ లోపలి వైపు, అంచుల్లో వేరే రంగు కనిపిస్తోందా? రంగు మార్చి ‘అరుదైనది’ అని అంటగట్టేవాళ్లుంటారు.
* అక్షరాలు అరిగిపోయినా పర్లేదు, మళ్లీ రాసినవైతే విలువ తగ్గినట్టే.
* కొన్నింట్లో హారన్ కోసం బ్యాటరీ ఉంటుంది. అది లీకైతే లోపలి ఇనుము తినేస్తుంది. ముందు దాన్ని తీసేయండి.
* పాత అట్టపెట్టె ఉంటే పారేయొద్దు. దానికీ ధర ఉంటుంది.

దుమ్ము పట్టిందా? పొడి మెత్తటి బ్రష్ చాలు. ఒకసారి పోయిన ఫ్యాక్టరీ రంగు మళ్లీ రాదు.