శిశువుల రక్షణశక్తి - కణగ్రాహకములు

నెలలు నిండి పుట్టిన మగశిశువు రెండు మూడు మాసములు చక్కగా పెరిగి, అటుపిమ్మట నోటిపూత, విడువని దగ్గు, విరేచనములతో చిక్కిపోవుట కొన్ని కుటుంబములలో కనబడును. వాని మేనమామలలో ఒకరిద్దరు పసితనముననే పోయిరని పెద్దలు చెప్పుదురు. దీనిని దిష్టి యనియో, వంశశాపమనియో తలచువారు కలరు. నిజమునకు కారణము కణము మీదనుండు ఒక ప్రోటీను లోపము.

గర్భమునందు ఒక్క కణమునుండి దేహము రూపొందునపుడు, ఏ కణము వృద్ధిచెందవలెనో, ఏది యే పనికి సిద్ధపడవలెనో తెలుపు వర్తమానములు అవసరము. అట్టి వార్తాహరులలో సైటోకైనులు ఒక తెగ. వానిని అందుకొను ప్రోటీనులే గ్రాహకములు. సైటోకైను తగులగనే గ్రాహకపు భాగములు దగ్గరకు చేరును. కణము లోపల జాక్ అను ఎంజైములు మేల్కొని స్టాట్ అను ప్రోటీనులను ప్రేరేపించును. అవి కేంద్రకమును చేరి తగిన జన్యువులను పనిచేయించును. ఉత్తరము వచ్చినను చదువువాడు లేనిచో ప్రయోజనమేమి? ఎర్రకణముల వృద్ధికి వలసిన ఎరిత్రోపాయిటిన్ గ్రాహకము లేని చిట్టెలుక పిండములు రక్తహీనతచే సుమారు పదుమూడవ దినముననే గర్భమునందు మరణించునని 1995లో తెలియవచ్చినది.

పైన చెప్పిన శిశువులలో లోపించునది గామా గొలుసు అను గ్రాహకభాగము. దాని జన్యుదోషమే ఈ వ్యాధికి మూలమని 1993లో కనుగొనిరి. ఆరు సైటోకైనులకు ఈ భాగము ఉమ్మడి. వానిలో ఇంటర్‌లూకిన్-7 అందనిచో, ఎముకల మూలుగనుండి థైమస్ గ్రంథికి చేరిన కణములు టి-కణములుగా ఎదుగజాలవు. తల్లినుండి మాయ ద్వారా సంక్రమించిన ప్రతిరక్షకములు తరిగినకొలది శిశువు నిరాయుధుడగును. ఈ జన్యువు ఎక్స్ క్రోమోజోము మీదనున్నది. తల్లికి రెండవ ఎక్స్ అండగా నుండును గనుక ఆమె ఆరోగ్యవంతురాలే. కాని పుట్టు ప్రతి కుమారునకును దోషము సంక్రమించుటకు సగము అవకాశము కలదు. కుటుంబమున పూర్వము లేకున్నను ఇది క్రొత్తగా కలుగవచ్చును.

1971లో అమెరికాలో జన్మించిన డేవిడ్ వెటర్ అను బాలుడు ఈ వ్యాధివలన, 1984లో మరణించుటకు కొలది దినముల ముందువరకు, ప్లాస్టిక్ గూటిలోనే జీవించెను. నేడు తగిన దాతనుండి మూలుగ మార్పిడి చేయుదురు. అంటురోగములు సోకకమునుపే, తొలి మూడు నాలుగు మాసములలో చేసినచో అత్యధికులు బ్రదుకుదురు.

బి.సి.జి., నోటి పోలియో చుక్కలు, రోటావైరస్ టీకాలలో బలహీనపరచిన సజీవ సూక్ష్మజీవులుండును. ఇతర శిశువులకు ఇవి రక్షణ. ఈ శిశువులకు ప్రాణాపాయము. మన దేశమున బి.సి.జి. పుట్టినవెంటనే ఇచ్చుట వాడుక. కావున తల్లివైపు మగశిశువులు పసితనమున రోగములతో మరణించియున్నచో, ఆ సంగతి ప్రసవమునకు ముందే వైద్యునకు తెలుపవలెను. అట్టి శిశువునకు రక్తపరీక్షలో టి-కణములు కలవని తేలిన పిమ్మటనే ఆ టీకాలు వేయింపవలెను.