త్రీడీ చిత్రానికి ఏ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్? ముందుగా తేల్చుకోవలసింది తెర వెడల్పు

ఖరగ్‌పూర్: మామూలు వీడియో కూర్పులో చిన్న పొరపాటు దొర్లితే చూసేవారు గమనించకపోవచ్చు. త్రీడీ వీడియోలో అదే పొరపాటు కళ్లనొప్పిగా, తలనొప్పిగా పరిణమిస్తుంది. త్రీడీలో తెరపై ఉండేది ఒక చిత్రం కాదు, రెండు. ఎడమ కంటికి ఒకటి, కుడి కంటికి ఒకటి. రెండింటినీ కలిపి లోతును గ్రహించే పని మెదడుది. ఆ రెండూ పొసగనప్పుడు మెదడు అలసిపోతుంది. అందువల్ల ఈ పనికి సాఫ్ట్‌వేర్ ఎంచుకునేవారు పేరునూ ధరనూ చూడడానికి ముందు, రెండు చిత్రాలను పొసగించే సాధనాలు అందులో ఉన్నాయో లేదో పరిశీలించాలి.

దేశంలో తొలి త్రీడీ చిత్రంగా పేరొందిన మలయాళ 'మై డియర్ కుట్టిచాత్తన్' 1984లో విడుదలైంది. తెలుగులో 'రుద్రమదేవి' 2015లో త్రీడీలో వచ్చింది. అటువంటి భారీ చిత్రాలకు లోతును చూసుకునేందుకే ప్రత్యేక నిపుణులుంటారు. 2023 డిసెంబరులో ఐఫోన్ 15 ప్రో ఫోన్లకు త్రీడీ వీడియో తీసే సదుపాయం రావడంతో, ఈ పని చిన్న స్టూడియోలకు కూడా అందుబాటులోకి వచ్చింది. అక్కడ కెమెరా పట్టేవారూ కూర్పు చేసేవారూ తరచూ ఒక్కరే.

బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలం నుంచి తెలుగు కుటుంబాలు స్థిరపడిన ఖరగ్‌పూర్ వంటి పట్టణాన్నే తీసుకుంటే, వీడియో పని అంటే పెళ్లిళ్లు, అమ్మవారి ఉత్సవాలు, రైల్వే ఉద్యోగుల పదవీ విరమణ సభలు. ఇవన్నీ ఒక్కసారే జరుగుతాయి. మళ్లీ చిత్రీకరించే అవకాశం ఉండదు. కూర్పు బల్ల వద్ద ఏది సరిదిద్దవచ్చో, ఏది సరిదిద్దలేమో ముందే తెలిసి ఉండడం అందుకే అవసరం.

ప్లాట్‌ఫాం పొడవులో లోతు ఎంత?

ఖరగ్‌పూర్ స్టేషన్ ప్లాట్‌ఫాం పొడవు 1072.5 మీటర్లు. 2013లో గోరఖ్‌పూర్, 2023లో హుబ్బళ్లి దానిని మించేవరకు ప్రపంచంలోనే పొడవైనదిగా ప్రసిద్ధి. ఒక కొసన నిలబడి రెండో కొసవైపు త్రీడీలో తీస్తే లోతు అద్భుతంగా వస్తుందని ఎవరైనా ఆశిస్తారు. లెక్క అందుకు భిన్నంగా ఉంటుంది.

మనిషి రెండు కళ్ల మధ్య దూరం సుమారు 6.5 సెంటీమీటర్లు. రెండు కెమెరాలను అంతే ఎడంగా ఉంచి, 60 డిగ్రీల దృశ్యకోణంతో, 1920 పిక్సెళ్ల వెడల్పున తీశారనుకుందాం. రెండు మీటర్ల దూరంలోని వ్యక్తికీ దిగంతానికీ మధ్య కుడి ఎడమ చిత్రాల తేడా సుమారు 54 పిక్సెళ్లు వస్తుంది. అదే 100 మీటర్ల దూరంలోని స్తంభానికీ దిగంతానికీ మధ్య తేడా ఒక పిక్సెల్ పైచిలుకు మాత్రమే. అంటే ప్లాట్‌ఫాంలో మొదటి పదోవంతులోనే త్రీడీ లోతంతా అయిపోతుంది. మిగిలిన దూరం చదునైన బొమ్మే.

కెమెరాల మధ్య దూరం చిత్రీకరణలోనే నిర్ణయమైపోతుంది. కూర్పులో చిత్రాలను పక్కకు జరిపితే దృశ్యమంతా కలిసికట్టుగా ముందుకో వెనక్కో కదులుతుంది. ముందున్న వస్తువుకూ వెనుకనున్న వస్తువుకూ మధ్య తేడా మాత్రం మారదు. ఆ తేడాను మార్చాలంటే దృశ్యాన్ని కంప్యూటర్‌లో తిరిగి సృష్టించవలసి వస్తుంది. అది వేరే స్థాయి ఖర్చుతో కూడిన పని.

ఒక్క ఫ్రేమ్ తేడా వస్తే

రెండు వేర్వేరు కెమెరాలతో తీసినప్పుడు తలెత్తే మొదటి సమస్య కాలం. గంటకు 36 కిలోమీటర్ల వేగంతో కెమెరా ముందు అడ్డంగా సాగే రైలు సెకనుకు 10 మీటర్లు కదులుతుంది. సెకనుకు 25 ఫ్రేముల లెక్కన, ఒక్క ఫ్రేమ్ వ్యవధిలో 40 సెంటీమీటర్లు. కళ్ల మధ్య దూరానికి అది ఆరు రెట్లు. ఎడమ, కుడి చిత్రాలు ఒక్క ఫ్రేమ్ తప్పినా రైలు పట్టాలను వదిలి ముందుకు దూకినట్టో, వెనుకనున్న గోడలోకి చొచ్చుకుపోయినట్టో కనిపిస్తుంది. దిశ మారితే భ్రమ కూడా తిరగబడుతుంది.

పూర్తి ఫ్రేముల తేడాను ఏ సాఫ్ట్‌వేర్‌లోనైనా జరిపి సరిచేయవచ్చు. చప్పట్ల శబ్దం గానీ క్లాప్ బోర్డు గానీ ఆనవాలుగా ఉంటే సరిపోతుంది. అర ఫ్రేమ్ తేడా మాత్రం అలా జరిపితే పోదు. కెమెరాలను సమకాలంలో నడిపే ఏర్పాటు చిత్రీకరణ నాడే ఉండాలి. కదిలే జనం ఉన్న ఉత్సవాలకు రెండు కటకాలూ ఒకే పరికరంలో ఉన్న కెమెరా మేలనడానికి కారణమిదే.

తెరను బట్టి లెక్క మారుతుంది

దూరపు వస్తువు రెండు ప్రతిబింబాల మధ్య ఎడం తెరపై 6.5 సెంటీమీటర్లు మించితే కళ్లు రెండూ బయటివైపునకు తిరగవలసి వస్తుంది. అది సహజంగా సాధ్యం కాని పని. పై ఉదాహరణలో ముందున్న వ్యక్తిని తెర మీదనే ఉన్నట్టు అమర్చితే, వెనుకనున్న దృశ్యానికి 54 పిక్సెళ్ల ఎడం వస్తుంది. మీటరు వెడల్పున్న టీవీలో అది సుమారు 3 సెంటీమీటర్లు. ఇబ్బంది లేదు. అదే చిత్రం 10 మీటర్ల వెడల్పున్న థియేటర్ తెరపై పడితే ఆ ఎడం 28 సెంటీమీటర్లవుతుంది. ఎవరి కళ్లూ దానిని కలపలేవు. ఆ తెరకు భద్రమైన పరిమితి 12 పిక్సెళ్లే.

చిన్న మానిటర్‌పై బాగుందనిపించిన కూర్పు కల్యాణమండపంలోని పెద్ద తెరపై ఎందుకు చెడుతుందో ఈ లెక్క చెబుతుంది. అందువల్ల సాఫ్ట్‌వేర్ కన్నా ముందు తేలవలసిన ప్రశ్న, చిత్రం చివరకు ఏ తెరపై ఆడుతుందన్నది.

సాఫ్ట్‌వేర్‌లో ఉండవలసినవి

రెండు క్లిప్పులను ఒక జంటగా గుర్తించే ఏర్పాటు మొదటిది. ఒక చోట కత్తిరిస్తే రెండు చిత్రాలూ అక్కడే తెగాలి. రెండోది, నిలువు తేడా, వాలు, పరిమాణాల తేడా సరిదిద్దే సాధనం. కళ్లు పక్కలకు కొంత సర్దుకోగలవు గానీ, ఒకటి పైకి ఒకటి కిందికి చూడలేవు. మూడోది, రెండు చిత్రాల రంగులను సరిపోల్చే వీలు. నాలుగోది, చిత్రాలను అడ్డంగా జరిపి లోతును అమర్చే వీలు. ముందుకు పొడుచుకువచ్చిన వస్తువు ఫ్రేమ్ అంచున తెగితే, అంచును కూడా ముందుకు తెచ్చి భ్రమను నిలబెట్టే సదుపాయం ఇందులో భాగమే.

అయిదోది అక్షరాలకు సంబంధించినది. వధూవరుల పేర్లనో ఉపశీర్షికలనో తెర స్థాయిలో ఉంచి, వాటి వెనుక తెర కన్నా ముందుకు వచ్చిన మనిషి ఉంటే, అక్షరం మనిషిని కప్పుతూనే అతని కన్నా దూరంగా కనిపిస్తుంది. కంటికి ఇంతకన్నా గందరగోళం ఉండదు. అక్షరాలకు కూడా లోతు నిర్ణయించగలగాలి.

ఏది ఎవరికి?

డావిన్చీ రిజాల్వ్ స్టూడియోలో క్లిప్పుల జత, అమరిక, రంగుల సరిపోలిక, లోతు సవరణ ఒకేచోట లభిస్తాయి. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిపైనా పనిచేస్తుంది. అమెరికాలో ప్రకటిత ధర 295 డాలర్లు, ఒకేసారి కొనుగోలు. ఉచిత రిజాల్వ్‌లో ఈ త్రీడీ సాధనాలు లేవన్నది చాలామంది ఆలస్యంగా గమనించే విషయం.

ఐఫోన్‌తో తీసినవారికి, మ్యాక్ ఉంటే, 2024 నవంబరులో వచ్చిన ఫైనల్ కట్ ప్రో 11 సులభ మార్గం. ఆ ఫోన్ల త్రీడీ వీడియోను అది నేరుగా స్వీకరిస్తుంది. వేగాస్ ప్రో 2010 నాటి పదో వెర్షన్ నుంచి త్రీడీ కూర్పుకు వీలు కల్పించింది. బ్లెండర్ పూర్తిగా ఉచితం. కంప్యూటర్ బొమ్మలను రెండు కళ్లకు విడివిడిగా రూపొందించే సదుపాయం 2015 నుంచి అందులో ఉంది. కాకపోతే పెళ్లి వీడియో కూర్పుకు దానిని అలవాటు చేసుకోవడం శ్రమతో కూడిన పని.

ఇప్పటికే మరో సాఫ్ట్‌వేర్‌కు అలవాటుపడినవారికి ఒక పాత మార్గముంది. 3840 పిక్సెళ్ల వెడల్పు, 1080 పిక్సెళ్ల ఎత్తు ఉన్న టైమ్‌లైన్ తయారుచేసి, ఎడమ చిత్రాన్ని ఎడమ సగంలో, కుడి చిత్రాన్ని కుడి సగంలో ఉంచి కూర్చడం. అదనపు ఖర్చు లేదు. అయితే ప్రతి సవరణా రెండుసార్లు చేయాలి, ప్రతి అక్షరమూ రెండుచోట్ల పెట్టాలి. మూడు నిమిషాల చిత్రానికి ఇది చాలు. మూడు గంటల పెళ్లికి చాలదు.

థియేటర్‌లో ప్రదర్శించాలంటే చివరి మెట్టుకు డీసీపీ ప్యాకేజీ కావాలి. డీసీపీ-ఓ-మాటిక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ త్రీడీ ప్యాకేజీలను కూడా తయారుచేస్తుంది.

రెండు కళ్లూ విడివిడిగా భద్రం

ఎల్‌జీ, సోనీ సంస్థలు 2017లో త్రీడీ టీవీలకు స్వస్తి పలికాయి. వాటికోసమే సిద్ధమైన వీడియోల్లో చాలావరకు రెండు చిత్రాలనూ ఒకే ఫ్రేమ్‌లో సగానికి కుదించినవి. 1920 పిక్సెళ్ల వెడల్పులో ఒక్కో కంటికి దక్కింది 960 మాత్రమే. ఎరుపు, నీలి అద్దాల కోసం రంగులు కలిపేసిన వీడియోల పరిస్థితి మరీ కష్టం. పోయిన రంగులను పూర్తిగా వెనక్కు రాబట్టలేము.

అందుచేత తుది కూర్పును ఎడమ, కుడి పూర్తి ఫైళ్లుగా విడివిడిగా ఎగుమతి చేయగల సాఫ్ట్‌వేర్‌నే ఎంచుకోవాలి. ఆ రెండు ఫైళ్లు ఉంటే నేటి టీవీకి, హెడ్‌సెట్‌కు, రేపు రాబోయే మరో పరికరానికి కావలసిన రూపం ఎప్పుడైనా తయారవుతుంది. వెర్షన్ మారినప్పుడు త్రీడీ సదుపాయం కొనసాగుతోందో లేదో చూసుకోవడం కూడా మరువరాదు.

డబ్బు చెల్లించే ముందు అర నిమిషం నిడివిగల పరీక్ష సరిపోతుంది. దగ్గరగా మాట్లాడే ఒక మనిషి, అడ్డంగా నడిచే మరొకరు, తెరపై ఒక పేరు. ఈ మూడింటినీ సొంత కెమెరాతో తీసి, కూర్చి, ఎగుమతి చేసి, నిజంగా ప్రదర్శించబోయే తెరపైనే చూడాలి. ఆ పనితో సంబంధం లేని ఇద్దరు ముగ్గురు కళ్లు నులుముకోకుండా చివరివరకు చూడగలిగితే, ఆ సాఫ్ట్‌వేర్ ఆ స్టూడియోకు సరిపోయినట్టే.